అయిదో వరస

తమ్ముడూ,

ఫోన్లో అయితే నన్ను నవ్వించి మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను.

మీ రేకుల ఫ్యాక్టరీ గాలిలోంచి పట్టిన దుమ్ములో, ఊపిరితిత్తుల్ని పాడుచేసే సన్నటి పోగులు లెక్కపెట్టేది నేనే కదా. లెక్కకి కూర్చునే ముందు రోజూ మైక్రోస్కోపు కింద పరీక్ష గాజుపలక పెట్టి చూడాలి. దాని మీద ఏడు వరసల గీతలుంటాయి, పోనుపోను సన్నబడతాయి. అయిదో వరస లీలగానైనా కనబడితేనే ఆ రోజు లెక్క చెల్లుతుంది. రోజూ "కనబడింది" అనే రాశాను.

సోమవారం కొత్తగా చేరినమ్మాయి పలక సర్దుతుంటే, తొందరకొద్దీ కన్ను పెట్టి "అయిదోది బాగానే ఉంది" అన్నాను. ఆ పిల్ల మొహమాటపడుతూ, "ఇంకా గీతల దాకా జరపలేదు మేడమ్, అది ఉత్తి గాజు" అంది.

కంటిలో పొర వచ్చి రెండేళ్లయినా అయ్యుంటుందట, డాక్టరు చెప్పాడు. ఆఫీసులో ఒప్పేసుకున్నాను. పాత దుమ్ము నమూనాలన్నీ ఆ అమ్మాయి మళ్ళీ లెక్కపెడుతోంది. మీ ఫ్యాక్టరీవాటిలో నేను పదకొండు అని రాసిన దాంట్లో తనకి నలభై మూడు కనబడ్డాయి.

మీ గేటుకి అంటించిన "గాలి బాగుంది" కాగితం మీద సంతకం నాదే. పోయినసారి మా మెట్లెక్కి నువ్వు ఆయాసపడితే, లావయ్యావని వెక్కిరించాను. ఈ వారమే ఛాతీ పరీక్ష చేయించుకో.

రేపటినుంచి మాస్కు తీయకు. "మా అక్క చూసింది" అని చెప్పి పక్కవాళ్ళ చేత కూడా తీయించావు కదా. వాళ్ళకి ఇప్పుడేం చెప్పాలని ఆలోచించకు. మా అక్కకి కనబడలేదట అని చెప్పు.

అక్క