మేపుల్ బెరడు మీద గాట్లు

నర్సరీ,
మార్చి 9, ఆదివారం

గౌరవనీయులైన బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. ఇక్కడ మొక్కలన్నీ క్షేమం, మీరు తెచ్చిన ఆ ఒక్కటి తప్ప. మీ క్షేమం సంగతి ఉత్తరం చివర రాస్తాను.

మొన్న మీ జపాన్ మేపుల్‌ను కుండీతో సహా పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. చెట్లకు వైద్యం చేసే మరదలు ఉండి ఏం లాభం, దీని బెరడు ఎందుకిలా ఊడిపోతోందో చెప్పు, ఎలాగైనా బతికించు అన్నారు. మా అక్కకి కుండీలో ఒక్క మొక్కను చూసుకోవడం కూడా చేతకాదని వెటకారం చేశారు. బావ కదా అని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది.

సరే, ముందు చెట్టు సంగతి. ఎండదెబ్బ అన్నారు మీరు. కాదు. ఎండదెబ్బ అయితే సాయంత్రపు ఎండ తగిలే పక్కనే బెరడు ఎండి పగులుతుంది, దీనికి చుట్టూ ఉంది. ఉడత అన్నారు. ఉడత కొరికితే అంచులు గజిబిజిగా ఉంటాయి, ఇవి తిన్నగా ఉన్నాయి. తెగులైతే బెరడు నల్లబడి లోపలికి కుంగుతుంది. ఇక్కడ గోటితో గీకి చూస్తే గాయం అంచు దాకా పచ్చగానే ఉంది. ఇది చాకు పని బావగారూ. కూరగాయలు తరిగే చాకు. దాని మొన విరిగి ఉండాలి, ప్రతి గాటు చివరా పక్కన ఇంకో సన్న గీత పడింది.

గాట్లన్నీ ఒకనాటివి కావు. కొన్నిటి అంచులు ఉబ్బి మూసుకుపోయాయి, కొన్ని సగం మానాయి, ఒకటి ఇంకా తడి ఆరలేదు. అంటే ఎవరో చాలాకాలంగా, ఉండుండి కోస్తున్నారు. నీళ్ళు పోసే మనిషికి ఏమైనా తెలుస్తుందేమో అడుగుదామని నిన్న మీరు ఆఫీసుకు వెళ్ళాక మీ ఇంటికి వెళ్ళాను.

అక్క తలుపు తీసింది. చెంపంతా గీరుకుపోయి ఉంది. ఆ గాయంలో బెరడు పొట్టు ఇంకా ఇరుక్కుని ఉంది. రోజంతా బెరడు చూడటమే నా పని, అది ఏ చెట్టుదో నాకు వేరే చెప్పాలా?

చెట్టు తేవడానికి ముందు జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి, కళ్ళు కనిపించట్లేదా, చూడవే అంటూ ఆమె మొహాన్ని ఆ మానుకేసి రుద్దారట. అరవకుండా మెడ నొక్కారట. దానికి ముందు గాటు కనబడ్డ రోజున బెల్టు తిప్పి బకిలుతో కొట్టారట. ఇంకోసారి తలను కుండీ అంచుకేసి బాదారట. ఆ కుట్లు చూసి అడిగితే వంటింటి అల్మారా తగిలిందని చెప్పింది, నేను వెర్రిమొహంలా నమ్మాను. అక్క నెత్తురు కారుతూ నేల మీద కూర్చుంటే మీరు మాత్రం దూది తీసుకుని చెట్టుకి మందు పూశారట. ఛీ! మిమ్మల్ని బావ అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అలవాటు కొద్దీ రాస్తున్నాను.

మీరు అడిగినదానికి జవాబు: చెట్టు బతకదు. చివరి గాటు మాను చుట్టూ ఉంగరంలా తిరిగి, బెరడు తెగి, కట్టె దాకా దిగింది. ఆకుల నుంచి వేళ్ళకి తిండి పోయే దారి ఆ బెరడే. పైన చిగుళ్ళు చూసి మురిసిపోకండి. బెరడు ఎందుకు ఊడుతోందని అడిగారు, బతుకుతుందా అని అడిగారు. ఎవరు కోశారని మాత్రం మీరు నన్ను అడగలేదు.

ఉంటాను,
ఇన్నాళ్ళూ మీ మాటలకి నవ్విన
మరదలు

తా.క.: ఆ గాట్లన్నీ ఎడమచేతి వాటానివి. మన రెండిళ్ళలో ఎడమచేత్తో కూరలు తరిగేది అక్క ఒక్కతే. అడిగితే దాచలేదు. మీరు కొట్టినప్పుడల్లా వెళ్ళి చెట్టును కోసేదట. మీకు నొప్పి పుట్టే చోటు మీ ఒంట్లో లేదు, ఆ కుండీలోనే ఉంది అంది. ఆ గాటు చూసి మీరు మళ్ళీ కొట్టేవారు, తను మళ్ళీ కోసేది. మొన్న మొహం రుద్దినదానికి కోద్దామంటే చెట్టు ఇంట్లో లేదు, మీరే తెచ్చి నా బల్ల మీద పెట్టారు. బట్టలు సర్దుతూ అక్క దిండు ఎత్తాను. చాకు అక్కడ ఉంది, మీరు తల పెట్టుకునే చోటికి జానెడు దూరంలో. విరిగిన మొనకి కొత్తగా సాన పట్టి ఉంది.

అక్క ఇప్పుడు నా దగ్గరే ఉంది. డాక్టరమ్మ గాయాలు చూసి రాసిచ్చింది, పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. మీ క్షేమం సంగతి చివర రాస్తానన్నాను కదా. అక్క ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మీరు క్షేమం. తీసుకెళ్ళడానికి రాకండి.