ఆరో ముక్క

అక్కా,

నా కూతురికి ఆటిజం కదా, ఏమీ తెలియనిదని బట్టలు కుట్టే చోట అందరూ దాని టిఫిన్ డబ్బా ఖాళీ చేస్తున్నారని నాకు అనుమానం. రోజూ ఆకలితో ఇంటికొస్తోంది. పని మాన్పించేద్దామని నిన్న చెప్పకుండా వెళ్లి, తలుపు చాటున నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. తనే యాపిల్‌ను తనతో సహా ఐదుగురికని ఐదు ముక్కలు చేయబోయింది, రోజూ కసిరే మేస్త్రీకి కూడా కలిపి. నన్ను చూసి ఆరు కోసింది.

"తిట్టేవాడికెందుకే?" అన్నాను.

"ఆయనకీ ఆకలేస్తుందిగా" అంది.

అందరికీ సమానమే. తల్లినని నాకు పిసరంత కూడా ఎక్కువ పెట్టలేదు. మాన్పించకుండానే వచ్చేశాను. అయినా మేస్త్రీ ముక్క నాదానికంటే పెద్దదేమోనని మనసు పీకుతోంది. నువ్వూ ఒకసారి వెళ్లు. నీకెంత పెట్టిందో రాయి.

నీ చెల్లెలు