నలభై నాలుగో పేజీ

మూడో తేదీ, మంగళవారం

చిరంజీవి అమ్మలుకి,

బాబాయ్ దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ పిన్ని మోకాలి నొప్పి కాస్త తగ్గింది, నా కళ్ళజోడు నంబరు కాస్త పెరిగింది. అంతకు మించి ఇంటి కబుర్లు లేవు. నువ్వు పంపిన కవరు శనివారం అందింది. బొమ్మల కథల అభిమానుల మేళాలో వృత్తి కళాకారుడిగా పేరు నమోదు చేసుకునే దరఖాస్తు, ఆరు పేజీలు. దానికి పిన్ను కొట్టి ఇంకో కాగితం. ముందు దరఖాస్తు సంగతి చెప్తాను.

మీ నాన్నా నేనూ ముప్ఫై ఒక్క ఏళ్ళు ‘పడవ పిల్ల’ బొమ్మల కథలు వేశాం గానీ ఒక్క మేళాకీ వెళ్ళలేదు. వాళ్ళొచ్చేది మనల్ని చూడ్డానికి కాదురా, ఆ పిల్లని చూడ్డానికి, పుస్తకం పంపిస్తే చాలు అనేవాడు మీ నాన్న. అందుకే ఈ దరఖాస్తు నాకు కొత్త. వృత్తి అనే చోట రచయిత, చిత్రకారుడు, వేషధారణ, గాత్రం అని నాలుగే గడులున్నాయి. నాది ఎక్కడా లేదు. అందులో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. నేను ఇంకు వేస్తానమ్మా అన్నాను. ప్రింటర్‌లోనా అంకుల్ అంది. కాదమ్మా, ఒకాయన పెన్సిల్‌తో బొమ్మ గీస్తాడు, నేను దాని మీద బ్రష్షుతో ఇంకు గీత వేసి, ఆరాక కింది పెన్సిల్ గీతని రబ్బరుతో తుడిచేస్తాను అన్నాను. అయితే ఆయన గీసింది మీరు చెరిపేస్తారన్నమాట అంది. నా పనిని ఇంత సూటిగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చిత్రకారుడి దగ్గర టిక్కు పెట్టేయండి అంకుల్, మిగతాది మేం చూసుకుంటాం అని పెట్టేసింది.

గత మూడేళ్ళలో పేరుతో సహా అచ్చయిన పేజీలు రెండు జతచేయాలి, ఒక ఒరిజినల్ తెచ్చి చూపించాలి. అచ్చు పేజీలు తీసిపెట్టాను. అన్నీ మీ నాన్నతో చేసినవే. కొత్త పని పెడదామంటే లేదు. ఆయన పోయిన ఈ పదకొండు నెలల్లో ముగ్గురు చిత్రకారులు నాకు పేజీలిచ్చారు. ముగ్గురూ తిప్పి పంపారు. మొదటాయన కథలో పోస్ట్‌మాన్ తలుపు వైపు చూడాలి. నేను ఇంకు వేశాక వాడు చదివేవాళ్ళ వైపు చూస్తున్నాడు. రెండో ఆయన పేజీలో ఏడుగురు మనుషులు, వాళ్ళలో ఐదుగురు అంతే. మూడో ఆయన మొహమాటపడలేదు. గురువుగారూ, నావాళ్ళంతా నన్నే చూస్తున్నారేంటండీ, నేనేం పాపం చేశాను అన్నాడు. భూతద్దం పెట్టి కొలిచాను. ప్రతి కంట్లోనూ కనుపాప అర మిల్లీమీటరు జరుగుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్తే చెయ్యి వణకడం లేదు, కన్ను బాగానే ఉంది అన్నాడు. బ్రష్షులు కడిగి, గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాను.

గది మారలేదు. రెండు బల్లలూ ఎదురెదురుగా కలిపే ఉన్నాయి. రోజూ పదకొండింటికి మీ నాన్న పూర్తయిన పేజీ నా వైపు తోసేవాడు. ఇప్పటికీ ఆ వేళకి నా ఎడమ చెయ్యి దానంతట అది బల్ల మధ్యదాకా వెళ్ళి ఆగుతుంది. మీ పిన్ని రెండుసార్లు చూసి, ఏం కావాలండీ అని అడిగింది. మూడోసారి కాఫీ గ్లాసు తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

ఇక రెండో కాగితం, నువ్వు టైపు చేయించింది. చివరి పుస్తకంలో నలభై నాలుగో పేజీ, ఆఖరి బొమ్మ పూర్తిగా మీ నాన్న గీసిందే, నేను దాని మీద ఇంకు వేయడమే చేశానని, తోటి కళాకారుడిగా నేను సాక్షి సంతకం పెట్టాలి. పెడితే దాన్ని గోడంత చేసి మేళాలో ఆయన జ్ఞాపకార్థం వేసే బల్ల వెనక నిలబెడతారు. పడవ ఒడ్డు వదిలి చాలా దూరం వెళ్ళాక, ఆ పిల్ల తల తిప్పి ఒడ్డు వైపు, అంటే మన వైపు, చూసే బొమ్మ. గడువు పదిహేనో తేదీ అన్నావు. చదివాను. కొంచెం ఆగమ్మా.

ఆశీస్సులతో,
బాబాయ్

*

పద్నాలుగో తేదీ, శనివారం

చిరంజీవి అమ్మలుకి,

దీవెనలు. నీ ఉత్తరంలో క్షేమ సమాచారాలు లేవు కాబట్టి నేనూ నేరుగా విషయానికి వస్తాను. నువ్వు రాసినవి మూడు మాటలు. ఒక్క సంతకానికి పదిరోజులేంటి బాబాయ్ అన్నావు. బొమ్మ కింద నీ పేరు కూడా కావాలా, అడిగితే కాదంటానా అన్నావు. నాన్నతో రెండేళ్ళు మాట్లాడకుండా ఉన్నదాన్ని, ఆయన నాకు చెప్పి వెళ్ళిన మాట ఆ బొమ్మొక్కటే, దాన్ని కూడా నాకు దక్కనివ్వవా అన్నావు. మొదటి రెండూ పక్కన పెడదాం. మూడోదానికి జవాబు బాకీ ఉన్నాను.

మీ ఇద్దరికీ చెడిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. నీ గీత నాకొద్దు నాన్నా, వంకరో టింకరో నాది నాకు కావాలి అన్నావు. పో, పోయి వంకర్లు గీసుకో, మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు అన్నాడు మీ నాన్న. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినవాళ్ళు, మధ్యలో నేనేం చెప్పగలను? ఆ తర్వాత ఎప్పుడు నీ పేరెత్తినా లేచి వెళ్ళి పెన్సిళ్ళు చెక్కుకునేవాడు. అప్పటికే చెక్కినవి కూడా.

ఆయన పోయిన మర్నాడు నువ్వొచ్చావు. పదిహేను రోజులకి పుస్తకం అచ్చయింది. ఆ పేజీ తెరిచి పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డావు. తిరిగి చూసింది బాబాయ్, నాన్న నా మీద కోపం పెట్టుకుని పోలేదు అన్నావు. నేను అవునమ్మా అన్నాను. ఆ ఒక్క ముక్కే అన్నాను.

నిన్న ఆ పేజీ ఒరిజినల్ తీసుకుని నమోదు కార్యాలయానికి వెళ్ళాను. రెండో అంతస్తులో పొడవాటి గది, గోడ వారగా కుర్చీలు. నా ముందు ఏదో వేషానికి పెద్ద రెక్కలు కుట్టుకొచ్చిన దర్జీ ఒకాయన తలుపులో పట్టక పక్కకి తిరిగి లోపలికొచ్చాడు. మీరేం తెచ్చారు అన్నాడు. ఒక కాగితం అన్నాను. అదృష్టవంతులు, బస్సులో సీటు దొరికుంటుంది అన్నాడు.

పని పరీక్షించే ఆవిడ అచ్చాఫీసులో పాతికేళ్ళు చేసిందట. తెచ్చింది చేత్తో వేసిందా ప్రింటా అని తేల్చడానికి ప్రతి కాగితాన్నీ దీపం పక్కన ఏటవాలుగా పట్టి చూస్తోంది. మీ నాన్న నొక్కి గీసే మనిషని నీకు తెలుసు. రబ్బరు పెన్సిల్ నలుపుని తీస్తుంది, కాగితంలో పడ్డ గాడిని తీయలేదు. ఆవిడ ఆఖరి బొమ్మ దగ్గర ఆగింది. ఇదేంటండీ, ఈ ముఖంలో ఇంకో తల ఉంది అంది. వంగి చూశాను. ఉంది. వెనకనుంచి కనిపించే తల, మెడ, జడ. జడ గాడి ఆ పిల్ల రెండు కళ్ళ మధ్యనుంచి గడ్డం దాకా దిగుతోంది. ముందు గీసింది ఏది అని అడిగింది. తల అన్నాను. మరి ముఖం అంది. దరఖాస్తులో రాసిస్తానన్నాను.

అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఆవిడ చదివి, ఒకసారి నా ముఖం చూసి, ముద్ర వేసింది. నమోదు అయింది. నీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు, ఖాళీగానే తిప్పి పంపుతున్నాను. నేను కళ్ళారా చూడనిదానికి సాక్ష్యం ఎలా చెప్పను అని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. చూశాను కనక.

ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. మీ పిన్ని నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఈ ఉత్తరంలో ఏముందో ఆవిడకి తెలియదు.

ఆశీస్సులతో,
బాబాయ్

తా.క. ‘పూర్తిగా మీరే గీసిన పని’ అని దరఖాస్తులో ఒక గడి ఉంది. అందులో ‘నలభై నాలుగో పేజీ, ఆఖరి బొమ్మలో ముఖం’ అని రాశాను. నిజం అదే అమ్మలూ. మీ నాన్న గీసిన పిల్ల వెనక్కి తిరగలేదు. నల్లగా నింపాల్సిన చోట ఆయన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవాడు, నేను ఎందుకని అడక్కుండా నింపేవాణ్ణి. ఆ తల మొత్తానికీ ఒకటే ఇంటూ పెట్టాడు. ఆస్పత్రి మంచం మీదనుంచి పేజీ నా చేతికిస్తూ, నిండా నలుపే, నీ తెలివి చూపించకు అన్నాడు. నాలుగు రోజులకి పోయాడు. నువ్వు బయల్దేరావని ఫోన్ వచ్చిన ఉదయం ఆ తలని రబ్బరుతో తుడిచేసి, మిగిలిన తెల్లటి చోట ముఖం వేశాను. నువ్వు ఏడవకూడదనే వేశాను. ఏడిచావు, కానీ వేరేలా.

ఆయన నిన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. నాతో అనలేదు. ఒరిజినల్ కూడా ఇందులోనే పెట్టాను, అది నీది. మేళాలో పెట్టుకుంటావో పెట్టెలో దాచుకుంటావో నీ ఇష్టం. ఒక్కసారి మాత్రం ఆ ముఖం మీద వేలు పెట్టు, మీ నాన్న గీసిన జడ తగులుతుంది. నలభై నాలుగు పేజీల్లోనూ కాగితం చిరిగేంత నొక్కింది అక్కడొక్క చోటే. ఎందుకు నొక్కాడో నన్నడక్కు. ఆయన తరఫున ఒకసారి చెప్పాను. ఇంక చెప్పను.