నా మాట, ఆయన గొంతు

జూన్ 26, సోమవారం

పాస్టరు చదువు చెప్పే మా సెమినరీ వాళ్ళు వచ్చే టర్మ్ కోర్సుల పట్టిక పెట్టారు. మధ్యాహ్నం నుంచి దాంతోనే కుస్తీ. ఐదేళ్ళుగా చూస్తున్నా అది నాకు లొంగదు. ప్రతి కోర్సుకీ ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, వెనక మూడంకెలు, ఆ పక్కన నక్షత్రాలు. ఒక నక్షత్రం ఉంటే ఏడాది విడిచి ఏడాది చెప్తారని అర్థం. రెండుంటే సారు ఒప్పుకోవాలి. అసలు సంగతులన్నీ కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. ఈ పట్టిక చదవడం కూడా ఒక కోర్సుగా పెట్టి మూడు క్రెడిట్లు ఇవ్వాలి. నేను ఫెయిలవుతాను.

నాకు మిగిలింది ఒక్కటే. ప్రసంగ కళ, రెండో భాగం. మొదటి భాగం పాసైన వాళ్ళకే ఇస్తారు. దానికి ఒక నక్షత్రం ఉంది. ఇప్పుడు తప్పిపోతే మళ్ళీ రెండేళ్ళకి. నా డిగ్రీ గడువు ఈ ఏడాదితో సరి. అంటే ఈ టర్మ్ లో సీటు దొరక్కపోతే ఐదేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే.

మా చర్చి సంఘాల్లో డిగ్రీ లేకుండా ప్రసంగం చెప్పే పుల్పిట్ ఎక్కనివ్వరు. ఆడమనిషైతే డిగ్రీ ఉన్నా నాలుగుసార్లు ఆలోచిస్తారు. మా ఆయన పాస్టరు, అందరికీ అయ్యగారు. నేను అమ్మగారిని. అమ్మగారంటే కుర్చీలు సర్దాలి, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోవాలి, ఎవరింట్లో ఏడుపు వినబడినా పరుగెత్తాలి. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. నాకు ఒక్కసారి నా మాట నా నోటితో చెప్పాలని ఉంది. రాస్తుంటే సిగ్గుగానే ఉంది గాని, అదీ సంగతి.

జూన్ 27, మంగళవారం

నేను పనిచేసే క్లినిక్ లో పొద్దున్నంతా టోకెన్లు రాశాను. ఇంటికొచ్చి సెమినరీ పోర్టల్ తెరిస్తే పైన ఎర్ర పట్టీ. హోల్డ్. రిజిస్ట్రేషన్ చేసుకోవడానికి వీల్లేదట. ప్రసంగ కళ మొదటి భాగం గ్రేడు రావాల్సిన చోట ఒక గీత ఉంది.

ఫీజేమైనా మిగిలిందేమోనని సెమినరీ ఆఫీసు కౌంటరావిడకి ఫోన్ చేశాను. ఫీజు కాదండీ, ప్రసంగాల సారుని కలవండి అంది. గొంతు తగ్గించి చెప్పింది. మంచి వార్తని ఎవరూ గొంతు తగ్గించి చెప్పరు.

జూన్ 29, గురువారం

సారు గదిలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. నా కూతురి ఈడువాడు. మెల్లగా మొదలుపెట్టాడు. నేను క్లాసుకి రాసిచ్చిన ప్రసంగం కాపీ అని సాఫ్ట్ వేర్ పట్టుకుందట. దాదాపు మొత్తం. ఎవరిదండీ అంటే మీ వారిదే అన్నాడు. ఆరేళ్ళ కిందట మా చర్చిలో ఆయన చెప్పిన ప్రసంగం, నెట్ లో వీడియోతో సహా ఉందట.

నాకు నవ్వొచ్చింది. సారు నవ్వలేదు.

ఆ ప్రసంగం నాదే. పక్షవాతం మనిషిని స్నేహితులు ఇంటి కప్పు విప్పి లోపలికి దించిన కథ మీద రాశాను. అందరూ ఆ మనిషి లేచి నడిచాడని చెప్తారు, మర్నాడు ఆ కప్పు ఎవరు బాగుచేశారో ఎవరూ చెప్పరు అని. ఆ ఏడాది మా వంటింటి కప్పు కారుతుండేది. గిన్నెలు పెట్టి నీళ్ళు పడుతూ రాశాను. ఇప్పుడు క్లాసుకి కొత్తది రాసే ఓపిక లేక నా పాతదే గుర్తు తెచ్చుకుని రాసిచ్చాను. నాదే గదా అనుకున్నాను.

ఆ ముక్కే చెప్పాను. నాకు నమ్మాలనే ఉందండీ, కానీ వీడియోలో ఉన్నది అయ్యగారు గదా అన్నాడు. ఆయన వచ్చి ప్రిన్సిపాల్ గారితో ఒక్క మాట చెబితే హోల్డ్ తీసేస్తారట. రిజిస్ట్రేషన్ వచ్చే శుక్రవారం సాయంత్రంతో మూసేస్తారు.

రుజువు చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. ఆదివారం అయ్యాక ఆ కాగితాల వెనక వైపు కూరగాయలు రాసుకుంటాను.

జూన్ 30, శుక్రవారం

ఆయనకి ఇంకా చెప్పలేదు. కక్కలేక మింగలేక ఉన్నాను.

జూలై 1, శనివారం

చెప్పాను. ముందు పగలబడి నవ్వారు. నా ప్రసంగం దొంగిలించావన్నమాట అన్నారు. తర్వాత ఆయన వచ్చి ప్రిన్సిపాల్ తో చెప్పాలన్నాను. నవ్వు ఆగిపోయింది. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నారు.

ప్రిన్సిపాల్, ఆయన ఒకే బ్యాచ్. ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. ఏడాదికోసారి కొత్త విద్యార్థులకి వాక్యం చెప్పమని ఆయన్నే పిలుస్తారు. ఆ ప్రసంగాలూ నావే.

ఎలా మొదలైందంటే, ఈ సంఘానికి వచ్చిన కొత్తలో ఆయనకి జ్వరం. శనివారం సాయంత్రం పెన్ను పట్టలేకపోతే నేను రాసిచ్చాను. జనం మెచ్చుకున్నారు. మరుసటి శనివారం జ్వరం లేదు, అయినా నా వైపు చూశారు. అంతే. అప్పట్నుంచి ప్రతి శనివారం వంట అయ్యాక నేను రాయడం, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఆయన పైకి చదవడం, నోరు తిరగని మాటలు కొట్టేయడం. ఒకరినొకరం ఏమీ అడగలేదు. ఇంట్లో ఒకరు గిన్నెలు తోమితే ఇంకొకరు తుడిచినట్టే ఉండేది.

ఆయన్ని తక్కువ చేయకూడదు. చావు జరిగిన ఇంట్లో ఆయన పక్కన కూర్చుంటే చాలు, ఏడుస్తున్నవాళ్ళు కుదుటపడతారు. అది నాకు రాదు. నేను వెళ్తే కాఫీ పెట్టి వస్తాను. ఆయనకి రాయడం రాదు, అంతే. కానీ రాదని ఒప్పుకోవడం కూడా రాదని ఈరోజే తెలిసింది.

ఇంత జరిగీ సాయంత్రం కూర్చుని రేపటిది రాసిచ్చాను. నా మీద నాకే కోపంగా ఉంది.

జూలై 2, ఆదివారం

చాలా బాగా చదివారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. సంఘ పెద్ద నా దగ్గరికొచ్చి, అమ్మగారూ, అయ్యగారికి ఈ మాటలన్నీ ఎక్కణ్ణుంచి దొరుకుతాయండీ అని అడిగాడు. దేవుడి దయండీ అన్నాను. వంటిల్లండీ అనాల్సింది.

జూలై 3, సోమవారం

ప్రిన్సిపాల్ పిలిపించారు. పాపం మర్యాదగానే మాట్లాడారు. ఇంట్లో వాళ్ళ ప్రసంగం వాడుకోవడం పెద్ద నేరమేం కాదమ్మా, పొరపాటున చేశానని రాసి సంతకం పెట్టండి, ఆ ఒక్క ప్రసంగానికే సున్నా వేస్తాం, కోర్సు పాసవుతారు, హోల్డ్ తీసేస్తాం అన్నారు. అయ్యగారిని ఇందులోకి లాగక్కర్లేదు అని కూడా అన్నారు. స్నేహితుడి పరువు కాపాడుతున్నానని అనుకుంటున్నారు.

ఇంటికొచ్చి చెబితే ఈయన ముఖం విప్పారింది. అమ్మయ్య, సంతకం పెట్టేయ్, పోయేదేముంది, ఎవరికి తెలుస్తుంది అన్నారు. నాకు తెలుస్తుందిగా అన్నాను.

జూలై 4, మంగళవారం

వాన. ఆయన ముందు గదిలో, నేను వంటింట్లో తిన్నాం.

జూలై 5, బుధవారం

అమ్మాయి బ్యాంకు నుంచి ఇటే వచ్చింది. సంగతంతా విని తల పట్టుకుంది. వీడియోల కింద నాన్న మాటలన్నీ టైపు చేసి పెట్టింది అదే. చెవులు సరిగా వినబడని ముసలాయన ఒకరు అడిగారని ప్రతివారం కూర్చుని కొట్టింది. సాఫ్ట్ వేర్ కి దొరికింది ఆ అక్షరాలే. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనేమో. నా వల్లే అమ్మా అని ఏడుపు మొహం పెట్టింది. నీ వల్ల కాదులే అన్నాను.

అది ఊరుకుంటుందా. నాన్న దగ్గరికి వెళ్ళి, అవన్నీ అమ్మవేనని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు నాన్నా, వెళ్ళి చెప్పు అంది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. వానలో, చెప్పుల్లేకుండా. గేటు దగ్గర నిలబడి మళ్ళీ లోపలికొచ్చారు.

జూలై 6, గురువారం

రేపు వెళ్ళి సంతకం పెట్టేస్తాను. బాగా అలసిపోయాను. క్లినిక్, ఇల్లు, చర్చి, ఈ చదువు. ఇన్నేళ్ళు నా మాటలు ఆయనవని జనం అనుకుంటే ఊరుకున్నాను. ఇప్పుడు ఆయన మాటలు నేను ఎత్తుకొచ్చానని రాసిస్తే ఊరుకోలేనా. నిండా మునిగిన వాడికి చలేంటి.

ఒక్కటి మాత్రం రాసుకుంటాను. నన్ను దొంగ అన్నందుకు బాధ లేదు, ఆ సారు తన పని తను చేశాడు. ఆ మాట అబద్ధమని చెబితే వాళ్ళు నమ్మే మనిషి ఈ ప్రపంచంలో ఒక్కరే. ఆ మనిషి పక్క గదిలో పేపరు చదువుకుంటున్నారు. నాకు బాధ అది.

జూలై 7, శుక్రవారం

క్లినిక్ కి సెలవు చెప్పి వెళ్ళాను. లేచేసరికి ఆయన ఇంట్లో లేరు. ఎవరికో ప్రార్థన చేయడానికి వెళ్ళారనుకున్నాను.

కౌంటరావిడ నన్ను చూడగానే కంప్యూటర్ నా వైపు తిప్పింది. ఎర్ర పట్టీ లేదు. సంతకం ఎక్కడ పెట్టాలన్నాను. ఏ సంతకమండీ అంది.

ఆయన పొద్దున ఆఫీసు తెరవకముందే వచ్చారట. మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులు ఎక్కారు, అక్కడ లిఫ్టు లేదు. కుర్రాళ్ళ మధ్యలో బెంచీ మీద కూర్చున్నారు. అయ్యగారూ మీరు లోపలికి వెళ్ళండి అంటే, నా వంతు రానీ అన్నారట. తర్వాత ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. తలుపు వేయలేదు. ఆ ప్రసంగం మా ఆవిడది అన్నారట. అదొక్కటే కాదు, మీరు నన్ను పిలిచి చెప్పించుకున్నవీ ఆవిడవే, అన్నీ ఆవిడవే అన్నారట. మరి నువ్వేం చేశావురా అని ప్రిన్సిపాల్ నవ్వుతూ అడిగితే, నేను గట్టిగా చదివాను అన్నారట.

ప్రిన్సిపాల్ ఇంకాసేపు నవ్వి, ఆపేశారట.

ఇదంతా చెప్పి, రిజిస్టర్ చేయమంటారా అని అడిగింది కౌంటరావిడ. చేయమన్నాను. ప్రసంగ కళ, రెండో భాగం, శనివారం పొద్దున. కన్ఫర్మ్డ్ అని వచ్చింది. ఎగిరి గంతేస్తానేమో అనుకున్నా గాని, ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. సంతోషమా అంటే సంతోషమే. ఆయన మూడంతస్తులు ఎలా దిగారో అని ఒకటే ఆలోచన.

ఇంటికొస్తే మోకాళ్ళకి, నడుముకి మందు రాసుకుంటున్నారు. సీటు వచ్చిందన్నాను. ఊఁ అన్నారు. నడుం వెనక్కి చేయి అందక అవస్థ పడుతుంటే నేను రాశాను. ఇరవై రెండేళ్ళు ఆయన మీద కోపం రాకపోవడానికి కారణం ఇదేనేమో, రావాల్సిన రోజున ఇలాంటిదేదో చేస్తారు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఇది వారం ముందే చేసి ఉండొచ్చు గదా.

జూలై 8, శనివారం

వంట అయ్యాక అలవాటుగా కాగితాలు తీశాను. ఆయన వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు. ఏమీ అనకుండా వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

లోపల అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు. కాగితం నలిపిన చప్పుడు. మళ్ళీ నడక. ఒకసారి తలుపు తీసి, మొదలుపెట్టాక తర్వాత ఏం చేస్తావు నువ్వు అని అడిగారు. నోటి దాకా వచ్చింది. నాకు తెలీదన్నాను. ఆయన నమ్మలేదు గాని, తలుపు వేసుకున్నారు.

శనివారం సాయంత్రం ఏం చేయాలో తోచలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీలేదు.

జూలై 9, ఆదివారం

పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయారు. కాగితం కింద పడితే వంగి తీసుకున్నారు. ఇక్కడ నిలబడాలంటే నాకెప్పుడూ భయమే అన్నారు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు.

బయట సంఘ పెద్ద నన్ను పక్కకి పిలిచి, అయ్యగారికి ఒంట్లో బాగాలేదా అమ్మగారూ అని అడిగాడు.

బాగానే ఉన్నారండీ, ఆయన ప్రసంగం నేను వినడం ఈరోజే మొదలు అన్నాను.