మూడో వరుస, పదకొండో సమాధి

అమ్మా, అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులూ ఉంటాయి, మన్నించు. ఐదో తరగతితో ఆగినదాన్ని కదా.

నీ అల్లుడు గడ్డపోతారంలో మందుల కంపెనీలో కంప్యూటర్ పని చేస్తున్నాడు. మన చర్చి సమాధుల రిజిస్టర్లన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి, పేర్లు వెతకడానికి మాక్రో అని ఏదో రాశాడు. నిన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎవరిదన్న పేరు చెప్పు, తమాషా సూడు" అన్నాడు. నీ పేరు చెప్పాను. బటన్ నొక్కాడు. ఊపిరి తీసుకునేలోపే అన్ని పేర్లలోంచి నీ పేరొక్కటే పసుపు రంగులో వెలిగింది.

"గింత జల్దీ ఎట్ల దొరికిందయ్యా?" అన్నాను.

"అది మీ నాయన లెక్క కండ్లద్దాలు దేవులాడుకోదే" అని నవ్వాడు.

మూడో వరుస, పదకొండో సమాధి అని ఉంది. నువ్వు పోయినప్పుడు నేను కడుపుతో ఉన్నానని సమాధుల దగ్గరికి రానివ్వలేదు. తర్వాత నీ చెక్క సిలువను చెదలు తినేసింది. నాన్న చూపించాడని ప్రతి ఈస్టర్‌కీ నాలుగో వరుసలో సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి, నా కష్టసుఖాలన్నీ ఎవరికో చెప్పుకున్నాను.

పొద్దున్నే వెళ్లి నీ మీది గడ్డి పీకాను. ఆ కోడ్‌లో ఒక్క ముక్క నాకు అర్థం కాదు, అయినా నిన్ను చూపించింది. ఆ నాలుగో వరుస ఆమెకూ సున్నం మానను. నాన్నకు తెలిస్తే మాత్రం కుమిలిపోతాడు. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యమ్మా.