అంతరిక్ష నౌకలో వన్స్‌మోర్

అన్నయ్యా, నేను నీ చెల్లెలు వెంకాయమ్మను. డెబ్బై రెండేళ్లు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో కూతురు శారద ఇంట్లో ఉంటున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు అక్షరం రాదు కాబట్టి పక్కింటి సుశీల రాస్తోంది. తప్పెవరిదో నువ్వే తేల్చు.

మధ్యాహ్నం మనవరాలు స్వప్న బడిలో నాటకం వేశారు. అట్టపెట్టెలతో అంతరిక్ష నౌక కట్టారు. తుపాకీ చూపించి దాన్ని దారి మళ్లించే దొంగ వేషం మన స్వప్నది. నౌక నడిపేవాళ్లూ ప్రయాణికులూ ఒక్కసారిగా మీదపడి, తుపాకీ లాక్కుని, తాడుతో కట్టేశారు. పిల్ల ఎంత బాగా పెనుగులాడిందో. నేను లేచి, మన ఊళ్లో నాటకాల్లో నీ పద్యాలకు అరిచినట్టే "వన్స్‌మోర్" అని అరిచాను.

స్టేజీ మీద చచ్చిపడ్డ నువ్వు, ఆ మాట వినగానే లేచి, మళ్లీ పద్యం పాడి చచ్చేవాడివని స్వప్నకి ఎన్నోసార్లు చెప్పాను. అది కట్లు విప్పుకుని తుపాకీ అందుకుంది. పాపం, వాళ్లంతా మళ్లీ మొదటినుంచి పట్టుకోవాల్సి వచ్చింది. జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

కార్‌లో శారద, "పరువు తీశావమ్మా. రేపటి షోకి నువ్వు రావద్దు" అంది.

"బాగా ఆడితే మళ్లీ ఆడమనడం తప్పా?"

"ఇది అమెరికా. ఇక్కడ ఒక్కసారే."

"అమ్మమ్మ రాకపోతే నేనూ రాను, మమ్మీ" అంది స్వప్న.



నువ్వు నిజంగా పోయినప్పుడు "వన్స్‌మోర్" అనడానికి నేను దగ్గర లేను. రేపు ముందు వరసలో కూర్చుంటాను. అరుస్తాను.

ఇది నా వేలిముద్ర. సాక్షులు: రాసిపెట్టిన సుశీల, రెండుసార్లు పట్టుబడిన స్వప్న.