పడ్డవాడి మీద బెత్తం

సాల్మన్ మాస్టారూ, సమాధిలో ఉండి కూడా మీరు నా బావమరిది ప్రకాశాన్ని చంపబోతున్నారు.

బాస్కెట్‌బాల్ ఆటలో పడ్డవాడు లేచేలోగా "లే" అంటూ పిక్క మీద బెత్తంతో కొట్టడం మీ పద్ధతి. తిరువూరంతా దాన్ని శిక్షణ అంది. ప్రకాశం గుండె పట్టేసి పడిన రోజు కూడా దొంగవేషమనుకుని కొట్టారు. చర్మం చిట్లి నెత్తురు కారినా వాడు కదలకపోయేసరికి, అప్పుడుగానీ ఆగలేదు. బెజవాడ డాక్టరు ఇక ఆట వద్దన్నాడు.

రేపు మీ వర్ధంతి మ్యాచి. మీ ఫొటోతో పాటు ఆ బెత్తానికీ దండ వేశారు. నలభై దాటిన ప్రకాశం ఆడతానని నిన్న మళ్లీ ఆట బూట్లు బయటికి తీశాడు. నేను వాడి కాలరు పట్టి గోడకేసి కొట్టాను.

"చస్తావురా! మీ అక్కకేం చెప్పను?"

"పడితే లేపడానికి మాస్టారు లేరుగా, పడన్లే బావా," అని నవ్వాడు. పిక్క మీది మచ్చ తడిమి, "నన్ను నిలబెట్టింది ఇదే," అన్నాడు.

పాలేరుగా ఉన్న మీ నాన్నను కమ్చీతో కొట్టిన ఆసామీ కూడా "నీ మంచికేరా" అనలేదూ? ఆ విద్యనే మీరు మా పిల్లలకు నేర్పారు.

నా డిమాండ్లు ఇవి.

వాడి చెవిలో "లే" అనడం మానండి.

రేపు ఆ బెత్తాన్ని అందరి ముందూ విరుస్తాను, అడ్డు రాకండి.

చచ్చాకైనా ఒక్కసారి, "కూర్చోరా ప్రకాశం" అనండి.